నాన్నగారి వేలిముద్ర ఎక్కడా పడడం లేదు, త్వరగా చెప్పండి

బెజవాడ పెద్దబ్బాయి: పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాం. నాన్నగారు రైల్వే పెన్షనర్. నవంబరు అయిపోవస్తోంది, బతికే ఉన్నారని ఆధార్ వేలిముద్రతో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, జీవన ప్రమాణ్ ఇవ్వాలి. గవర్నర్‌పేటలో ఒకచోట, మాచవరంలో ఇంకోచోట వేలు పెట్టించాం, పడదు. అడిగితే సర్వర్ అంటారు. పెద్దాయనను ఆటోల్లో ఎంతకని తిప్పను? ఏం చేయాలి?

పటమట మాస్టారు: వయసు మీద పడితే వేలి గీతలు అరిగిపోతాయండీ. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగించి, తడి లేకుండా తుడిచి మళ్లీ పెట్టించండి. అయినా వేలే ఎందుకు? ఫోనులో ముఖం చూపించి ఇచ్చే సదుపాయం 2021 నుంచే ఉంది.

బెజవాడ పెద్దబ్బాయి: ముఖం కూడా చూపించామండీ. అదీ కాలేదు.

గుంటూరు న్యాయవాది: అందరూ వేళ్లు కడుగుతున్నారు గానీ అసలు సంగతి వదిలేస్తున్నారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. ఏం లాభం? జిరాక్స్ షాపుల్లో ఆధార్ కాపీలు పడేసి వచ్చేది మనమే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఎంతమంది వాడుతున్నారు? పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. వేలిముద్ర బయటపడితే ఏం మార్చుకుంటాం?

కృష్ణలంక: ఎర్రర్ నంబరు ఎంత?

బెజవాడ పెద్దబ్బాయి: సర్వర్ అని చెప్పాను కదండీ. చీటీ మీద 330 అని ఉంది, అదేనా?

కృష్ణలంక: 330 అంటే బయోమెట్రిక్ లాక్. వేలు, కనుపాప, ముఖం ఏదీ పనిచేయదు. కడగడం ఆపండి.

బెజవాడ పెద్దబ్బాయి: వేలిముద్రలతో ఖాతాల్లో డబ్బు లాగేస్తున్నారని పేపర్లో చదివి నిరుడు మా తమ్ముడు ఏదో నొక్కాడు. అదే అయి ఉంటుంది. తీద్దామంటే ఓటీపీ నాన్నగారి ఆధార్‌కు ఇచ్చిన తమ్ముడి పాత నంబరుకు పోతోంది. వాడు మస్కట్ వెళ్లాక రీచార్జి చేయించలేదు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే నరసరావుపేటలో ఎవరో ఆవిడ ఎత్తి, మీ మెసేజీలతో విసుగెత్తిపోయింది అని పెట్టేశారు.

గుంటూరు న్యాయవాది: చూశారా! రద్దయిన నంబరును 90 రోజులు గడిచాక ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. తాళం పెద్దాయనది, తాళంచెవి నరసరావుపేటలో.

పటమట మాస్టారు: ఆధార్ లాకును 1947 నంబరుకు ఎస్సెమ్మెస్ పంపి తీసేయవచ్చు కదా?

కృష్ణలంక: అది ఆధార్ నంబరు లాక్. ఇది బయోమెట్రిక్ లాక్. వేర్వేరు. అయినా రిజిస్టరైన ఫోను లేనిదే ఎస్సెమ్మెస్ ఎక్కడి నుంచి పంపుతారు?

పటమట మాస్టారు: జనం రెండింటినీ లాక్ అనే అంటారండీ. అంత కసురుకోవడం ఎందుకు?

కృష్ణలంక: పెద్దబ్బాయి గారూ, ఆయనను ఆధార్ సేవా కేంద్రానికి తీసుకెళ్లండి. లాక్ తీయించండి, మొబైల్ నంబరూ మార్పించండి. అక్కడ నంబరు మార్పుకు పత్రాలు అక్కర్లేదు, ఆయన వెళ్తే చాలు. ఆయన సొంత నంబరే ఇవ్వండి, మీది వద్దు.

బెజవాడ పెద్దబ్బాయి: ఆయనది బటన్ ఫోనండీ.

కృష్ణలంక: ఓటీపీకి అది చాలు. నెలాఖరులోగా తేలకపోతే పెన్షన్ వచ్చే బ్యాంకుకు ఆయనే వెళ్లి కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు.

గుంటూరు న్యాయవాది: లాక్ తీశాక మళ్లీ వేయడం మరవకండి. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసిన కేసులు ఉన్నాయి.

పటమట మాస్టారు: మళ్లీ వేస్తే వచ్చే నవంబరులో మళ్లీ ఈ తిరుగుడే కదండీ!

గుంటూరు న్యాయవాది: తాత్కాలికంగా తీసే వీలుంది మాస్టారూ, చదివి మాట్లాడండి.

బెజవాడ పెద్దబ్బాయి: కాగితమే నయం. బ్యాంకుకు బయలుదేరుతున్నాం. థాంక్స్.

మంగళగిరి: మా ఇంట్లో నలుగురి ఆధార్‌కూ నా నంబరే ఇచ్చాం. ఇబ్బందేమైనా ఉంటుందా?