1923 నాటి మూకీ చిత్రం ‘స్కారమూష్’: కత్తియుద్ధం చూసి పిల్లలు నవ్వారు, లోపం ఎక్కడ?

గంటస్తంభం (విజయనగరం):

మిత్రులందరికీ నమస్కారం. మేము ఏడెనిమిది మందిమి నెలకొకసారి ఒక మేడ మీది హాలులో తెల్లగోడ మీద పాత చిత్రాలు వేసుకుని చూస్తుంటాం. క్రిందటి నెలలో రెక్స్ ఇంగ్రామ్ దర్శకత్వంలో మెట్రో సంస్థ 1923లో విడుదల చేసిన ‘స్కారమూష్’ వేశాం. ఫ్రెంచి విప్లవకాలపు కథ; రామన్ నోవారో కథానాయకుడు, ఆలిస్ టెర్రీ నాయిక, మార్క్విస్ (ఫ్రెంచి ప్రభువు బిరుదు) పాత్రలో లూయిస్ స్టోన్. ఈసారి ఇంటర్మీడియెట్ చదివే పిల్లలను కూడా పిలిచాం.

కథ మొదట్లోనే కథానాయకుడి స్నేహితుడైన ఫిలిప్‌ను, కత్తి తిప్పడంలో తనకు ఏమాత్రం సరితూగడని తెలిసి కూడా, మార్క్విస్ ద్వంద్వయుద్ధానికి రెచ్చగొట్టి చంపుతాడు. తక్కిన కథంతా ఆ చావు మీదే నిలబడి ఉంది. సరిగ్గా అక్కడే పిల్లలు పకపకా నవ్వారు. మనుషులు కీలుబొమ్మల్లా గబగబా కదిలారు, కత్తులు ఈగలు తోలుతున్నట్టు ఆడాయి. చిత్రం అసలే అలా తీశారా, లేక మేము వేయడంలో పొరపాటుందా? మా కాపీకి సంగీతం లేదు, మధ్యమధ్య వచ్చే అక్షరాల పలకలు ఇంగ్లీషులో ఉన్నాయి. మళ్ళీ వేయాలనుకుంటున్నాం కనుక తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

పాత రీలు (శ్రీకాకుళం):

గంటస్తంభం గారూ, తప్పు చిత్రానిది కాదు, పిల్లలదీ కాదు. నేను చాలా ఏళ్ళు ప్రొజెక్టరు గదిలో కార్బన్ కడ్డీల వెలుగులో గడిపినవాణ్ణి కాబట్టి లెక్కతో చెబుతాను.

ఆనాటి కెమెరాలను ఎక్కువగా చేత్తోనే పిడి తిప్పి నడిపేవారు. ఒక చుట్టుకు 8 ఫ్రేములు (విడి బొమ్మలు), సెకనుకు రెండు చుట్లు, అంటే సెకనుకు 16 ఫ్రేములన్నది మొదటి పాఠం. 1920 తరువాత చాలామంది అంతకంటే వేగంగా, ఇరవైకి అటూ ఇటూగా తిప్పేవారు. మాటల చిత్రాలు వచ్చాక, వేగం మారితే గొంతు కూడా మారిపోతుంది కనుక, 24 వద్ద స్థిరపడింది. నెమ్మదిగా తీసినదాన్ని ఇలా 24లో వేస్తే మనుషులు గబగబా కదులుతారు. 35 మి.మీ. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములుంటాయి. వెయ్యి అడుగుల రీలు సెకనుకు 16 చొప్పున నడిస్తే 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. అదే రీలును 24 చొప్పున పరుగెత్తిస్తే 11 నిమిషాల చిల్లరలో అయిపోతుంది. ‘స్కారమూష్’ పది రీళ్ళ చిత్రం. మీ కాపీ రెండు గంటలకు పైగా నడిచి ఉంటే ఎవరో ముందే వేగం సరిచేశారన్నమాట, దాన్ని కదపకండి. మధ్యలో ముక్కలేవీ పోకుండానే గంటా యాభై నిమిషాల లోపు ముగిసిందంటే మాత్రం 24లో తోలేశారని అర్థం.

ఒక జాగ్రత్త. కత్తియుద్ధాన్ని చూసి వేగం సరిచేయకండి. పోరాటాలు చురుగ్గా కనబడాలని పిడిని కావాలనే నెమ్మదిగా తిప్పడం ఆనాటి అలవాటు కనుక అది నమ్మదగిన కొలత కాదు. వీధిలో మామూలుగా నడిచే మనిషిని చూడండి, మెట్లు దిగే స్త్రీ గౌను అంచు చూడండి. కంప్యూటరులో ముప్పావు వేగంతో మొదలుపెట్టి, ఆ నడక సహజంగా అనిపించేదాకా కొంచెం కొంచెంగా పెంచండి.

తంత్రి (విజయనగరం):

పాత రీలు గారి లెక్క సరైనదే గాని, నవ్వుకు వేగం ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. మూకీ చిత్రాన్ని నిశ్శబ్దంగా చూపడమే అసలు పొరపాటు. ఆ రోజుల్లో సాధారణంగా అలా చూపేవారు కాదు. అక్కడ పియానో, ఆర్గాన్, పెద్ద హాళ్ళలో వాద్యబృందం ఉంటే, మన దేశంలో హార్మోనియం, తబలా ఉండేవి. ఏ ధ్వనీ లేని చీకటి గదిలో పదిహేడేళ్ళ పిల్లలు నవ్వక ఏం చేస్తారు?

మన ఊళ్ళో విజయరామ గాన పాఠశాల 1919లో మొదలైంది, ఈ చిత్రం నాలుగేళ్ళు చిన్నది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిచిన ఊళ్ళో ఒక వయొలిన్, ఒక మృదంగం దొరకకపోవు. నా మాటగా చెప్పాలంటే, జనం వీధుల్లోకి పోటెత్తే దృశ్యాలకు కదనకుతూహలం రాగం సరిపోతుంది. పేరుకు తగ్గట్టు ఉండడమే కాక, దాని నడకలో పాశ్చాత్య బాణీ ఛాయ ఉన్నందున ఆ దుస్తులకూ అతుకుతుంది. మార్క్విస్ దర్పానికి అఠాణా చాలు. ఫిలిప్ చనిపోయే ఘట్టంలో మాత్రం శుభపంతువరాళి ఎత్తుకుని ఏడిపించే ప్రయత్నం వద్దు. కత్తులు కలిసేదాకా మృదంగం మీద సన్నని నడక నడిపించి, కత్తి దిగిన క్షణాన రెండు వాద్యాలూ ఆపేయండి. అంతవరకూ వినిపించిన ధ్వని ఒక్కసారి ఆగితే హాలు తానే బిగుసుకుంటుంది.

వేగవతి (బొబ్బిలి):

నేను చరిత్ర చెప్పే ఉద్యోగంలో ఉన్నాను, పలకల సంగతి నాకు వదిలేయండి. గోడ మీద తెలుగు అక్షరాలు వేయడం కంటే తెర పక్కన ఒకరు నిలబడి చదవడం మేలు. మూకీల కాలంలో మన హాళ్ళలో వ్యాఖ్యాతలు చేసింది అదే. అయితే మా ప్రాంతంలో అలాంటి పని అప్పగిస్తే మనిషికి వెంటనే బుర్రకథ పూనుతుంది. బొబ్బిలి యుద్ధం చెప్పే గొంతు ఇక్కడ పనికిరాదు. పలకలో ఉన్నంతే, మామూలు గొంతుతో, పలక పోయేలోగా ముగించాలి.

ముందుగా రెండు మాటలు చెప్పి చూపితే పిల్లలకు దారి దొరుకుతుంది. మొదటిది, స్కారమూష్ అనేది మనిషి పేరు కాదు, ఇటలీ ముసుగు నాటకాల్లోని ఒక హాస్య పాత్ర పేరు. కథానాయకుడు తలదాచుకోవడానికి సంచార నాటక బృందంలో చేరి ఆ వేషం కడతాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు రాజునైనా వెక్కిరించగలడని తెలిసినవారికి ఈ ఎత్తుగడ విప్పి చెప్పనక్కరలేదు. రెండవది, కాలం. బాస్టీల్ కోట పడింది 1789 జూలై 14న, త్విలరీ రాజభవనం మీద జనం విరుచుకుపడింది 1792 ఆగస్టు 10న. ఈ మూడేళ్ళను చిత్రం పలకల సాయంతో దాటేస్తుంది. మన విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీతో పోరాడిన పద్మనాభ యుద్ధం 1794 జూలై 10న జరిగింది, పారిస్‌లో విప్లవ నాయకుడు రోబెస్పియర్ తల తెగింది అదే నెల 28న. ఈ ఒక్క మాట చెబితే మా తరగతిలో పిల్లలు వెనక్కి వాలినవాళ్ళు ముందుకు వంగుతారు.

ఇంకొకటి కూడా ముందే చెప్పండి. 1952లో వచ్చిన రంగుల ‘స్కారమూష్’లో నాటకశాల అంతటా ఆరు నిమిషాలకు పైగా సాగే కత్తియుద్ధం ఉంది (ముసలితనంలో లూయిస్ స్టోన్ అందులోనూ వేరే వేషం వేశాడు). అది చూసినవారికి ఈ మూకీలో కత్తి తక్కువ, జనసమూహం ఎక్కువ అనిపిస్తుంది. నాకైతే జాన్ సైట్జ్ ఛాయాగ్రహణంలో ఆ గుంపుల ముఖాలే గుర్తుండిపోయాయి.

గంటస్తంభం (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. మా కాపీ నిడివి చూశాను, గంటా 48 నిమిషాలు. పాత రీలు గారు చెప్పినట్టు ముప్పావుతో మొదలుపెడితే మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టున్నారు, 0.87 దగ్గర నడక కుదిరింది, మొత్తం రెండు గంటల నాలుగు నిమిషాలకు వచ్చింది. ద్వంద్వయుద్ధం ఇప్పటికీ కాస్త చురుగ్గానే ఉంది గాని ఫిలిప్ మొహంలో భయం కనబడేటంత సమయం దొరికింది. వయొలిన్‌కు ఒక విద్యార్థిని ఒప్పుకుంది. మృదంగం ఇంకా వెతుకుతున్నాం.

పాత రీలు (శ్రీకాకుళం):

ఆ వేగంతోనే వాద్యాల వాళ్ళకు రెండుసార్లు ముందుగా వేసి చూపించండి. తరువాత వేగం మారిస్తే తాళం తప్పుతుంది.