టస్కనీ పల్లెల్లో విల్లా సెలవులు: పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (అమలాపురం వైపు నుంచి)

నమస్కారమండి. మాది కోనసీమలో కొబ్బరి, వరి సాగు చేసుకునే ఉమ్మడి కుటుంబం. వచ్చే మాఘమాసంలో నాన్నగారికి భీమరథ శాంతి జరిపించి, ఆ తరవాత దాళ్వా కోతలు పూర్తయ్యి, పిల్లల బడులు ఇంకా తెరవక ముందు, అంటే మే చివర్లో, జర్మనీలో ఉంటున్న తమ్ముడి కుటుంబంతో కలిసి ఇటలీలోని టస్కనీ పల్లెల్లో ఒక వారం పెద్ద విల్లా తీసుకోవాలనుకుంటున్నాం. ఖర్చుకు వెనకాడడం లేదు. అయితే అమ్మకూ నాన్నగారికీ మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఏ ప్రాంతం మంచిది, డబ్బు కట్టే ముందు యజమానిని ఏమేం అడగాలి?

జవాబు (భీమవరం)

మా అమ్మాయి కుటుంబం మిలాన్‌లో ఉన్నందువల్ల ఆ పల్లెలు నాకు కొంత పరిచయమండి. మీరు సియెనా నగరానికి దక్షిణాన ఉన్న వాల్ డోర్చా లోయను చూడండి. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతమది. మే చివర్లో గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉంటాయి. జులై, ఆగస్టుల ఎండా రద్దీ అప్పటికి మొదలు కావు. అక్కడి ఊళ్ళలో పియెంజా వీధులు పెద్దవాళ్ళ నడకకు అనుకూలం. మోంటెపుల్చానో చాలా అందమైన ఊరే గాని, నిటారు ఎక్కుడు.

ఫోటోలు చూసి మాత్రం ఇల్లు ఖాయం చేయకండి. అక్కడి పాత రాతి ఇళ్ళు రైతుల ఇళ్ళు. కింద పశువుల కొట్టం, బయటి మెట్లెక్కితే పైన కుటుంబం ఉండేది. ఇప్పుడు వాటిని ఎంత ఖరీదుగా బాగు చేసినా, చాలా చోట్ల పడక గదులు పై అంతస్తులోనే ఉంటాయి. కింది అంతస్తులో స్నానాల గదితో సహా పడక గది ఉందా, గుమ్మం దగ్గర ఎన్ని మెట్లు, ఈత కొలనుకు కంచె ఉందా, మే నెలలో నీళ్ళు వేడి చేస్తారా, ఏసీ అన్ని గదుల్లోనూ ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

ఇంటికన్నా ముందు దారి గురించి అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. విల్లాలు తరచుగా తారు రోడ్డు వదిలి కంకర బాట మీద కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అది మన చేల మధ్య పుంత దారి లాంటిదే. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాలి. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఎంత దూరమో, పాలకు, రొట్టెకు ఎంత దూరం వెళ్ళాలో ఆ దారిని బట్టే తేలుతుంది. సీజన్‌లో అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు కనుక విమానం టికెట్లు దానికి తగ్గట్టు చూసుకోవాలి.

ఇంకొక మాట. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో పర్యాటకులకు అద్దెకిచ్చే ఇంటికి జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి, దాన్ని ప్రకటనలో చూపాలి. అది లేని ఇంటికి బయానా పంపకండి.

జవాబు (పాలకొల్లు)

అమ్మగారి భోజనం సంగతి చెబుతానండి. విల్లాకు వంటమనిషిని పిలిపించుకోవచ్చు, కానీ మాంసం ఉడికించిన నీళ్ళు, గుడ్డు, జున్ను అన్నీ విడివిడిగా చెప్పాలి. పార్మిజానో జున్నును దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేస్తారు, పైకి శాకాహారంలా కనిపించే పాస్తా మీద దాన్నే తురుముతారు. గుడ్డు లేకుండా పిండీ నీళ్ళతో చేసే పిచి అనే లావుపాటి పాస్తా ఆ ప్రాంతానిదే, వెల్లుల్లి టమాటా సాస్‌తో అమ్మగారికి నచ్చుతుంది. కుక్కరు, బియ్యం, పప్పు, ఆవకాయ పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. కింది అంతస్తు సంగతి మాకు తట్టనే లేదు. విల్లా తరవాత రెండు వారాలు తమ్ముడి ఇంట్లో ఉండాలనుకుంటున్నాం. వీసా, డ్రైవింగ్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు (రాజమహేంద్రవరం)

అలాగైతే మీరు ఇటలీకి కాదు, జర్మనీకి దరఖాస్తు చేయాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశమే షెంజెన్ వీసా (ఇటలీ, జర్మనీ సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా) ఇవ్వాలన్నది నియమం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మే ప్రయాణానికి మాఘమాసం దాకా ఆగకుండా ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నాన్నగారికి పాత జబ్బులు ఉంటే అవి కూడా వర్తించే పాలసీ చూడండి.

కారు నడిపేవారికి మన లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, దాని గడువు ఏడాది. గేర్లు లేని కారు కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి. సియెనా, ఫ్లోరెన్స్ లాంటి ఊళ్ళ పాత భాగంలోకి అనుమతి లేని కార్లు వెళ్తే కెమెరాలు నంబరు పట్టేస్తాయి, జరిమానా నెలల తరవాత ఇంటికి వస్తుంది. కారును ఊరి గోడ బయటే నిలపండి. సియెనాలో కొన్ని పార్కింగుల నుంచి పైకి ఎస్కలేటర్లు ఉన్నాయి కనుక పెద్దవాళ్ళకు ఆ ఎక్కుడు తప్పుతుంది.