నెగటివ్‌లో రంధ్రాల పక్కన చారలు, ఆకాశంలో చుక్కలు: ఎక్కడ తప్పింది?

కృష్ణాతీరం:
విజయవాడలో ఇంట్లోనే ఫిల్ము కడుగుతున్నాను. హెచ్‌పి5 అనే నలుపు-తెలుపు ఫిల్ము, బొమ్మను పైకి తెచ్చే డెవలపర్ మందు డి-76, పలచన చేయకుండానే. చలికాలంలో నాలుగు రీళ్లు చక్కగా వచ్చాయి. మే నెలలో మా నానమ్మను పెరట్లో తీసిన రీలు మాత్రం పాడైంది. ప్రతి అంచు రంధ్రం దగ్గర్నుంచీ ఫ్రేములోకి దువ్వెన పళ్లలా ముదురు చారలు దిగాయి, స్కానులో అవి తెల్లగా కనిపిస్తున్నాయి. ఆకాశంలో ఆవగింజంత గుండ్రటి చుక్కలు, అక్కడ నెగటివ్ గాజులా ఉంది. కెమెరాలోకి వెలుతురు జొరబడుతోందా?

పాతరీలు:
ముందు అంచున ఉన్న ఫ్రేమ్ నంబర్లు చూడండి. అవి ఫ్యాక్టరీలోనే పడతాయి, మీ కెమెరాతో సంబంధం లేదు. అవీ వెలిసిపోయి ఉంటే డెవలపర్ చాలలేదని అర్థం. నంబర్లు నల్లగా ఉండి బొమ్మ పలచగా ఉంటే తీసేటప్పుడే వెలుతురు చాలలేదు. నంబర్ల చుట్టూ కూడా మసి కమ్మి ఉంటేనే లీకును అనుమానించాలి. నీళ్ల వేడి ఎంత? ఫిల్ము కడిగే ట్యాంకు (మూత డబ్బా) ఎలా ఊపారు?

కృష్ణాతీరం:
నంబర్లు నల్లగా ఉన్నాయండీ, చుట్టూ శుభ్రంగానే ఉంది. కుళాయి నీళ్లే 31 డిగ్రీలు. అందుకని టైము మూడున్నర నిమిషాలకు తగ్గించాను. తక్కువ టైము కదా అని ఆపకుండా గట్టిగా ఊపాను.

హైపోవాసన:
అయితే కెమెరా తప్పేం లేదు. గట్టిగా ఊపితే డెవలపర్ ఆ రంధ్రాల గుండా ఉరుకుతుంది, వాటి పక్కన ఎక్కువ పనిచేసి చారలు కడుతుంది. టైము ఐదు నిమిషాలకన్నా తగ్గితే ఈ తేడా సర్దుకునే వ్యవధే ఉండదు. నేను వేసవిలో డి-76ని సగానికి సగం నీళ్లతో కలుపుతాను, టైము పెరుగుతుంది. సీసాలను ఐసు వేసిన టబ్బులో నిలబెట్టి 20 డిగ్రీలకు దించుతాను. ఐసు ముక్కలు డెవలపర్‌లో మాత్రం వేయొద్దు, పలచబడుతుంది. ఫిక్సరూ (బొమ్మను నిలబెట్టే మందు), కడిగే నీళ్లూ కూడా అదే వేడిలో ఉండాలి. నిమిషానికోసారి పది సెకన్లు, నెమ్మదిగా తిప్పితే చాలు.

ఓరుగల్లు35:
ఆ చుక్కలు గాలి బుడగలు, తమ్ముడూ. బుడగ అంటుకున్న చోటికి డెవలపర్ చేరదు. అంచు గుండ్రంగా, తేటగా ఉంటే బుడగే. వంకరటింకరగా ఉంటే కెమెరాలోని దుమ్ము. డెవలపర్ పోయగానే ట్యాంకును గట్టుమీద రెండుమూడు సార్లు తట్టు. నా పెళ్లైన కొత్తలో తీసిన రీలంతా ఇలాగే పోయింది. అప్పట్నుంచీ తట్టడం మానలేదు.

కృష్ణాతీరం:
నిన్న ఇంకో రీలు కడిగాను. 20 డిగ్రీలు, సగానికి సగం. చారలు లేవు, చుక్కలు లేవు! కానీ ఆరాక ఫిల్ము మెరిసే వైపు సున్నం మరకలు కనిపిస్తున్నాయి. మాది బోరు నీళ్లు.

పాతరీలు:
అవి పోతాయి, కంగారు పడకండి. గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. మళ్లీ నానబెట్టి, ఆఖరి ముంపు మటుకు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఇవ్వండి. అందులో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలు కట్టకుండా జారిపోయేలా చేసే మందు) సీసా మీద రాసినంతే కలపండి. ఫ్యాన్ ఆపేసి, బాత్రూములో వేలాడదీయండి.

కృష్ణాతీరం:
మరకలు పోయాయండీ. ఆదివారం నానమ్మను మళ్లీ అదే పెరట్లో, అదే కుర్చీలో కూర్చోబెడుతున్నాను.