సమస్యాపూరణం: ఎద్దు తినగ మిగులు నింటి విందు

కంచుగిన్నె:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి: "ఎద్దు తినగ మిగులు నింటి విందు". ఎద్దు తిన్నాక మిగిలింది మనకి విందా అని ముక్కు చిట్లించకండి, ఉలవచారు కాచే ఇంట్లో పెరిగినవాళ్లకి దారి వెంటనే దొరుకుతుంది. గణాలు (అక్షరాల లయ), యతులతో (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీ అక్షరం) పాటు వంట కూడా సరిగ్గా ఉండాలి.

బందరు బాబాయి:
ఉలవ లుడికినంత నోర్పుగా కట్టును
వంచి, గింజలన్ని పశువు కిమ్ము
చింతపండుతోడ చిక్కగా కాచుమా
ఎద్దు తినగ మిగులు నింటి విందు

నానబెట్టడం పద్యంలో పట్టలేదు. రాత్రంతా నానిన గ్లాసుడు ఉలవలకి ఎనిమిది గ్లాసుల నీళ్లు పోసి, గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా ఉడికిస్తాం. ఆ ఉడికిన నీళ్లే కట్టు.

కంచుగిన్నె:
బాబాయి గారూ, "కట్టు వంచి" అన్నారు చూడండి, అసలు పనంతా అందులోనే ఉంది. "పశువు కిమ్ము" దగ్గర మాత్రం ఆగాను, వ్యాకరణం ప్రకారం "పశువునకు" కావాలి కదా, "పశుల కిమ్ము" అంటే గణం చెడకుండా సరిపోతుంది. ఇంకో మాట, ఓర్పు కావాల్సింది వంచేటప్పుడు కాదు, కాచేటప్పుడు. కట్టు పలచగా ఉంటుంది, చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క వేసి సన్నసెగ మీద బాగా మరిగి ఇగిరితే గానీ అది చారు అవదు.

పాలమూరు కోడలు:
నూర్చి తూరుపెత్త నుగ్గైన పొట్టంత
గాలి కెగసిపోయి కళ్ల మందె
కుప్ప పడగ, గింజ గుమ్మిలోపల చేరె
ఎద్దు తినగ మిగులు నింటి విందు

కళ్లంలో తూర్పారబట్టాక ఎద్దు తినేది పొట్టు, మనకి మిగిలేది గింజ. వానలు వెనకబడితే మా మెట్ట చేలల్లో చివరికి ఉలవలే చల్లుతారు, అందుకే చేను నుంచి మొదలుపెట్టాను.

బందరు బాబాయి:
నూ–ను, గా–క, కు–గు యతులన్నీ శుభ్రంగా పడ్డాయమ్మా. కానీ పొయ్యి వెలగలేదు, చారు ఏదీ?

పాలమూరు కోడలు:
నిజమే బాబాయి గారూ, కానీ "మిగులు" అన్న మాటకి న్యాయం జరిగింది ఇక్కడే అనుకుంటున్నా. మీ పద్యంలో కట్టు ముందే వంచేశారు, ఆ తర్వాత మిగిలేది గింజే కదా!

మీగడ తరక:
వెన్న వేసి కలుప వేడన్నమున చారు
వేలు నాకు రుచికి వెనుక కథను
తాత చెప్పె, గింజ దాణాగ పోయగా
ఎద్దు తినగ మిగులు నింటి విందు

కంచుగిన్నె:
రెండో పాదం నుంచి మూడో పాదంలోకి "కథను తాత చెప్పె" అని జారిన తీరు ఎంత బాగుందో! "పోయగా" ద్రుతాంతం (చివర నకారం దాగి ఉన్న మాట) కాబట్టి తర్వాత "నెద్దు" అవ్వాలి, అప్పుడు సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. "దాణాగ పోయరా" అనండి, తాత మాట్లాడుతున్నట్టే ఉంటుంది, సంధి చిక్కూ ఉండదు. నా ఓటు ఈ పూరణకే. పాలమూరు కోడలి అభ్యంతరం మాత్రం న్యాయమైనదే, దానికి జవాబు చెప్పే నాలుగో పూరణ ఎవరైనా రాస్తే చదవాలనుంది.

మీగడ తరక:
మార్చేశాను, ధన్యవాదాలు. మా ఫ్లాట్‌లో ఎద్దు లేదు కాబట్టి వంచిన గింజల్లో గుప్పెడు మెత్తగా రుబ్బి చారులోనే కలుపుతాం, చిక్కదనం దానివల్లే వస్తుంది. మిగతావి ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపుతో సాయంత్రానికి గుగ్గిళ్లు.