స్త్రీవేదం: ఇది ఏ వేదం?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పద్మనాభ్ జైని ఇంగ్లీషులో రాసిన 'జెండర్ అండ్ సాల్వేషన్' (1991) నుంచి కొన్ని పేజీలు తెలుగు చేస్తున్నాను. ఆడజన్మలో మోక్షం ఉందా లేదా అని జైనుల్లోనే శతాబ్దాల తరబడి నడిచిన వాదం అది. దిగంబరులు లేదంటారు, శ్వేతాంబరులు ఉందంటారు. స్త్రీవేదం, పుంవేదం, నపుంసకవేదం అన్న మాటల దగ్గర నా కలం ఆగిపోయింది. స్త్రీవేదం అని అలాగే ఉంచితే ఆడవాళ్ళకి వేరే వేదం ఉందేమో అనుకుంటారు. 'స్త్రీలింగం' అని మార్చవచ్చా మాస్టారూ?

మాస్టారి జవాబు

మార్చకమ్మా. లింగం అన్నావంటే వాదం మొత్తం కూలిపోతుంది.

ఈ మాటకి ఋగ్వేదంతో పనిలేదు. ఇక్కడ 'విద్' ధాతువు తెలుసుకోవడం వైపు కాక అనుభవించడం వైపు వెళ్ళింది. మనం రోజూ అనే 'వేదన' దీనికి తోబుట్టువు. జైనులకి వేదమంటే లోపల రగిలే కామం. జీవుణ్ణి భ్రమలో ముంచే మోహనీయ కర్మ వల్ల పుట్టే తొమ్మిది నోకషాయాల్లో (కోపం, లోభం లాంటి కషాయాలకి, అంటే మనోవికారాలకి, తోడుగా ఉండే చిన్న వికారాల్లో) నవ్వు, భయం, శోకం, జుగుప్సల సరసనే ఈ మూడింటినీ కూర్చోబెట్టారు. పురుషుణ్ణి కోరేది స్త్రీవేదం, స్త్రీని కోరేది పుంవేదం, ఇద్దరినీ కోరేది నపుంసకవేదం. శరీరానికి వేరే పేరు ఉంది, ద్రవ్యలింగం. మగ దేహంలో స్త్రీవేదం ఉండవచ్చునని వాళ్ళు ఒప్పుకున్నారు. మనమేమో వ్యాకరణానికీ ఒంటికీ కలిపి 'లింగం' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

మూడు వేదాలకీ మూడు మంటలు చెప్పారు. పుంవేదం గడ్డిమంట, భగ్గుమని ఆరిపోతుంది. స్త్రీవేదం పిడకల నిప్పు, లోలోపల చాలాసేపు రగులుతుంది. నపుంసకవేదం ఇటుకబట్టీ. పదో శతాబ్దపు దిగంబర ఆచార్యుడు నేమిచంద్రుడి గ్రంథం గోమ్మటసారంలో ఈ పోలికలు ఉన్నాయి. శ్వేతాంబర గ్రంథాల్లో ఇటుకబట్టీ స్థానంలో తగలబడుతున్న మహానగరం ఉంటుంది.

మరో సభ్యురాలు

ఈ ఇటుకబట్టీ నన్ను కుదిపేసింది మాస్టారూ. తెలుగులో నపుంసకుడంటే చేతకానివాడనే తిట్టు. వీళ్ళ లెక్కలో అందరికంటే ఎక్కువ కోరిక ఉన్నది ఆ మనిషికే. ఒకే మాటకి ఇంత ఎదురు అర్థమా! ఆ తిట్టు పడ్డవాళ్ళు మన మధ్యే ఉన్నారు, కాబట్టి అనువాదంలో దీన్ని జాగ్రత్తగా వాడమని నా మనవి. నాకు ఇంకో ఆశ కూడా కలిగింది. దేహం వేరు, కోరిక వేరు అని అంత పూర్వమే గుర్తించారంటే మూడో ప్రకృతి వాళ్ళని, అంటే ఆడా మగా కాని వాళ్ళని, గౌరవించారనేగా?

మాస్టారు

అంత దూరం వెళ్ళలేమమ్మా. గుర్తించారన్నది నిజం, దానికి వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ వాళ్ళ దృష్టిలో మూడు వేదాలూ కషాయాల జాతివే, మూడూ నశించాల్సినవే. పుంవేదానికీ మినహాయింపు లేదు. పైగా నపుంసకులకి దీక్ష ఇవ్వకూడదన్న నియమాలూ రాసుకున్నారు. ఈ రెండూ కలిపి చదవాలి.

ఇక్కడ భాషాప్రియులకి ఇష్టమైన ఘట్టం ఒకటి ఉంది. స్త్రీలకి మోక్షం ఉందని తొమ్మిదో శతాబ్దంలో 'స్త్రీనిర్వాణప్రకరణం' రాసిన శాకటాయనుడు వైయాకరణి. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడు, తన వ్యాకరణానికి రాసుకున్న వృత్తికి 'అమోఘవృత్తి' అని ఆ రాజు పేరే పెట్టాడు. ఆయనది యాపనీయ శాఖ. వాళ్ళ మునులు దిగంబరుల్లా నగ్నంగా ఉండేవాళ్ళు, మోక్షం విషయంలో మాత్రం శ్వేతాంబరుల మాటే వాళ్ళ మాట. ఆ శాఖ మన నేలకీ తెలిసినదే, తూర్పు చాళుక్య రెండో అమ్మరాజు మలియపూండి శాసనంలో కనిపిస్తుంది.

పాత జైన ఆగమాల్లో, అంటే శాస్త్రగ్రంథాల్లో, మోక్షమార్గపు పైమెట్లను స్త్రీ ఎక్కినట్టు ఉన్నచోట దిగంబరులు 'స్త్రీ అంటే అక్కడ భావస్త్రీ, స్త్రీవేదం ఉన్న పురుషుడు' అని సర్దుకున్నారు. శాకటాయనుడు ఒప్పుకోలేదు. మాటకి ఉన్న ముఖ్యార్థం కుదురుతుండగా గౌణార్థం, అంటే లాక్కొచ్చిన అర్థం, పట్టుకోవడమేమిటి, స్త్రీ అంటే లోకానికి తెలిసిన స్త్రీయే అన్నాడు. ఇందులో నన్ను ఆపేసే సంగతి ఉందమ్మా. దేహాన్నీ కోరికనీ విడదీసిన ఆ సూక్ష్మమైన మాటే ఆడవాళ్ళకి తలుపు వేసేందుకు పనికొచ్చింది. దాన్ని తెరవడానికి ఈయనకి సాదా నిఘంటువు అర్థమే చాలింది. దిగంబర కుటుంబంలో పుట్టిన జైని ఆ రెండు పక్షాల గ్రంథాలనీ పక్కపక్కన పెట్టి అనువదించారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అయితే వేదం వేదంగానే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'కామవేదన అనే అర్థంలో' అని ఒక ముక్క చేరుస్తాను. వాక్యం ఇలా రాశాను: 'పురుష దేహంలోనూ స్త్రీవేదం కలగవచ్చు.' సరిపోతుందా?

మాస్టారు

'కలగవచ్చు' తీసేసి 'ఉదయించవచ్చు' అను. కర్మ పక్వమై ఫలానికి రావడాన్ని వాళ్ళు ఉదయమనే అంటారు.