ఈక కాకపోతే మరేమందాం?

భూగర్భం మీద ఒక అనువాదం దిద్దుతున్నాను. భూమి పైపెంకుకీ నడిమి ఇనుప గర్భానికీ మధ్య ఉన్న మందపాటి రాతి పొర మాంటిల్; అందులో అడుగున వేడెక్కి పైకి లేచే రాయి మాంటిల్ ప్లూమ్. మాంటిల్ ప్లూమ్‌ని "ప్రావారపు ఈక" అన్నాడు మహానుభావుడు. ప్రావారం పాఠ్యపుస్తకాల మాటే, సరే. ఈకతోనే తంటా. లాటిన్‌లో ప్లూమా అంటే ఈకే గానీ, ఇంగ్లిషులో పొగగొట్టం మీద లేచే పొగనీ ప్లూమ్ అంటారు. 1971లో ఈ ఊహని ముందుకు తెచ్చిన భూభౌతిక శాస్త్రవేత్త జేసన్ మోర్గాన్ ఉద్దేశించింది ఆ లేవడాన్నే. 'బుగ్గ' అంటే ఎలా ఉంటుంది? మా అనంతపురం వైపు నేలలోంచి ఉబికే ఊటని అలాగే అంటాం. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి పేరు అలా వచ్చిందే.

—

బుగ్గ వినసొంపుగా ఉంది గానీ అనగానే నీళ్లు గుర్తొస్తాయండీ. అక్కడ లేచేది గట్టి రాయి. 2,900 కిలోమీటర్ల లోతున, ఇనుప గర్భం అంచున కాగి, ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన పైకి జరుగుతుంది. చుట్టూ ఉన్న రాయి కన్నా రెండు మూడొందల డిగ్రీలు వేడెక్కువ, అంతే. కరగడమంటారా, అది నేలకి దగ్గరపడి ఒత్తిడి తగ్గాకే, అదీ కొంతే. నా ఓటు 'పొంగు'కి. బెల్లం వండేచోట పెనం చూడండి, నడుమ లేచిన పాకం పైకొచ్చి అంచులకి పరుచుకుంటుంది.

—

పొంగు అంటే మా ఇంట్లో పిల్లలకి ఒళ్లంతా పోసేది మాస్టారూ! 😄

—

అయితే 'సెగపొంగు' అనండి, గొడవ వదిలిపోతుంది. ఇంకో సంగతి. దీనికి తల, తోక అని రాస్తున్నారు. తోక వద్దు, 'కాడ' అనాలి, ఆకారం పుట్టగొడుగుదే కాబట్టి. దక్కను లావా 6.6 కోట్ల ఏళ్ల కిందట ఆ గొడుగు తగిలి పొంగిందేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మాట. ఆ లావాయే పారుకుంటూ మా రాజమండ్రి దాకా వచ్చిందంటారు, కాటేరు నల్లరాయి అదే. కాడ మాత్రం ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది. కదిలింది మనమే, ఉత్తరానికి.

—

కాడ అంటే సన్నగా ఉంటుందనుకుంటారేమో. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీవాళ్లు భూకంప తరంగాలతో తీసిన చిత్రాల్లో ఈ కాడలు అడుగున వందల కిలోమీటర్ల లావున్నాయి. వెయ్యి కిలోమీటర్ల లోతు దాకా నిటారుగా వచ్చి, ఆపైన సన్నబడి పక్కలకి ఒరుగుతున్నాయి.

—

పైన కాడ, అడుక్కి పోతే మాను అన్నమాట! సెగపొంగు ఖాయం చేశాను, సంతోషం. ఇక హాట్‌స్పాట్ సంగతి చూడాలి, అంటే సెగపొంగుకి పైన నేల మీద అగ్నిపర్వతాలు లేచే చోటు. అదే పెద్దమనిషి దాన్ని "వేడి మచ్చ" అన్నాడు.