అప్‌డేట్: మధ్యాహ్నానికి మూగబోయే ఫజ్ పెడల్

నేను ఇంట్లో తయారు చేసుకున్న ఫజ్ ఫేస్ తరహా పెడల్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే పరికరం) ఉదయం చక్కగా మోగి, విజయవాడ ఎండ ముదిరేసరికి స్వరాలు మధ్యలోనే తెగిపోతున్నాయని ఇదివరకు అడిగాను. మొదట సోల్డరింగ్ అతుకులను అనుమానించి అన్నింటినీ మళ్ళీ వేశాను. అది వృథా శ్రమ. మీలో ఒకరు సూచించినట్లు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (కరెంటు ప్రవహించే కాళ్ళలో ఒకటి) వద్ద కొలిచినప్పుడు, దాదాపు మైనస్ 4.5 వోల్టులు ఉండవలసిన చోట మధ్యాహ్నం మైనస్ 7.8 కనిపించింది.

అసలు దోషం మొదటి ట్రాన్సిస్టర్‌ది. నేను వాడిన ఏసీ128 జెర్మేనియం రకం కనుక, ఆ ప్రవాహాన్ని అదుపు చేసే కాలు అయిన బేస్‌ను దేనికీ కలపకపోయినా కలెక్టర్ గుండా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ లీకేజీ వేగంగా హెచ్చి, మొదటి ట్రాన్సిస్టర్ అవసరానికి మించి తెరుచుకోవడంతో రెండోది దాదాపు మూతపడుతోంది. నా దగ్గరున్న ఆరింటినీ కొలిస్తే, పెడల్‌లో ఉన్నదే అన్నింటికంటే ఎక్కువగా, 450 మైక్రోఆంపియర్లు కారుతోంది. దాని స్థానంలో 90 మాత్రమే కారేదానిని పెట్టి, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఉన్న 8.2 కిలోఓమ్ రెసిస్టర్‌ను తీసివేసి 20 కిలోఓమ్ ట్రిమ్‌పాట్ (విలువను తిప్పి మార్చగల చిన్న రెసిస్టర్) అమర్చి, మైనస్ 4.5కు సరిచేశాను.

ఇప్పుడు మండుటెండలోనూ అది మైనస్ 5.2 దాటడం లేదు. నిజానికి ఆ మైనస్ 5.2 దగ్గర వచ్చే కాస్త గరుకు ధ్వనే నాకు ఎక్కువ నచ్చింది. ఇది మిగతా వాటికి భిన్నంగా బ్యాటరీ పాజిటివ్ కొనను గ్రౌండ్‌కు కలిపే పాజిటివ్ గ్రౌండ్ సర్క్యూట్ కాబట్టి మిగతా పెడల్స్ అడాప్టర్‌కు కలపకుండా, విడిగా 9 వోల్టుల బ్యాటరీతోనే నడుపుతున్నాను.